రికార్డుల బంజరు, నేల మీద అడవి

కంచ అంటే ఏమిటో తెలంగాణ పల్లెల్లో ఎవరికీ విప్పి చెప్పనక్కర లేదు. గొర్లు, పశువులు మేసే చోటు. తునికి పండ్లు, సీతాఫలాలు దొరికే నేల. వాన పడితే నీళ్లను పట్టి కింది చెరువుకు, బావులకు మెల్లగా వదిలే బీడు. అదే కంచ రెవెన్యూ దస్త్రాలకు ఎక్కేసరికి అక్కరకు రాని భూమి అవుతుంది. ఈ రెండు చూపుల మధ్య ఉన్న దూరమే 2025 మార్చిలో కంచ గచ్చిబౌలి మీదికి బుల్డోజర్లను తోలింది.

సర్వే నంబరు 25లోని ఆ 400 ఎకరాలు హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయాన్ని ఆనుకుని ఉన్నాయి. ఆ విశ్వవిద్యాలయం ఎవరో దయతలచి ఇచ్చింది కాదు. 1969 ఉద్యమం, ఆ వెనుక వచ్చిన ఆందోళనల ఫలితంగా 1973లో ఆరు సూత్రాల పథకం వచ్చింది. ఆ పథకం కిందనే 1974లో విశ్వవిద్యాలయం వెలిసింది. పక్కనున్న ఈ నేలను 2003-04లో నాటి సర్కారు క్రీడల పేరిట ఒక ప్రైవేటు సంస్థకు కట్టబెట్టింది. 2006లో ఆ కేటాయింపు రద్దయింది. ఏండ్ల తరబడి కోర్టుల్లో కొట్లాడి 2024లో గెలిచిన రాష్ట్ర ప్రభుత్వం, గెలిచిన భూమిని పారిశ్రామిక మౌలిక సదుపాయాల సంస్థ చేతిలో పెట్టింది. దస్త్రాల్లో ఎక్కడా అది అడవి కాదన్నది సర్కారు వాదన.

దస్త్రాల్లో లేకపోవచ్చు. మరి నేల మీద? నెమళ్లు, చుక్కల జింకలు, నక్షత్ర తాబేళ్లు తిరిగే చోటును ఏమని పిలవాలి? ప్రకృతి వనరుల పరిరక్షణ అనే చదువు అవసరం ఇక్కడే తెలుస్తుంది. విద్యార్థులు నినాదాలతో సరిపెట్టుకోలేదు. ఏ మొక్క ఉన్నదో, ఏ పక్షి వాలుతున్నదో లెక్క చెప్పారు. ఫొటోలు తీశారు. పిటిషన్లతో హైకోర్టు మెట్లెక్కారు. పోలీసులు పట్టుకుపోయినా వెనక్కి తగ్గలేదు. 2025 ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తనంత తానుగా జోక్యం చేసుకుని చెట్ల నరికివేతను ఆపించింది. అప్పటికే దాదాపు 100 ఎకరాలు ధ్వంసమైందని కోర్టు పంపిన అధికారి నివేదిక తేల్చింది.

తరగతి గదిలో నేర్చుకున్న చదువు నేలకు కాపలా కాసిందంటే ఇదే. అయితే ఒక్క గెలుపుతో మురిసిపోతే కుదరదు. రాళ్లు, పొదలు, గడ్డి కలిసిన దక్కన్ నేలను మన దేశం ఇంకా సరిగ్గా చదవనే లేదు. చెట్ల నీడ పది శాతం కూడా లేని అటవీ నేలను దేశ అటవీ సర్వే పొదల కిందనే రాస్తుంది, అటవీ విస్తీర్ణంలో కలపదు. ఉపగ్రహ చిత్రాలతో తయారయ్యే దేశ బంజరు భూముల అట్లాసులోనూ పొదల నేల ఒక పద్దు. బంజరు అని రాసిన చోటికి బుల్డోజర్ రావడానికి ఎంతసేపు పడుతుంది? అడవి అనే మాటకు నిఘంటువులో ఉన్న అర్థాన్నే తీసుకోవాలని, భూమి ఎవరిదైనా అదే వర్తిస్తుందని సుప్రీంకోర్టు 1996 డిసెంబర్ 12న చెప్పింది. ఆ తీర్పును నేల మీద అమలు చేయాలంటే నేలను చదవగలిగిన మనిషి కావాలి.

ఉద్యోగాలు వద్దా అని పాలకులు అడుగుతారు. నీళ్లు, నిధులు, నియామకాల కోసం రోడ్డెక్కిన వాళ్లకు ఆ ప్రశ్న కొత్తది కాదు. ఉద్యోగాలు కావాలి. కానీ నీళ్లను, నియామకాలను ఒకదానికొకటి పోటీ పెట్టమని ఎవరూ అడగలేదు. 2016లో మన రాష్ట్రంలో అటవీ విద్యకు డిగ్రీ కోర్సు మొదలైంది. సిద్దిపేట జిల్లా ములుగులో ఆ కళాశాల నడుస్తున్నది. అక్కడ చదివిన పిల్లలు, విశ్వవిద్యాలయాల్లో మొక్కల గురించి, జీవుల గురించి, నీటి గురించి చదివిన పిల్లలు ఎక్కడ ఉండాలి? ధర్నా చౌకులోనా? భూమి కేటాయింపు ఫైలు కదిలే ప్రతి కార్యాలయంలో ఉండాలి. భూమి విలువ కట్టే బల్ల దగ్గర వాళ్లకు కుర్చీ ఉండాలి. అది కూడా నియామకమే.

అందుకే మేము మూడు మాటలు అడుగుతున్నాం. ఒకటి, ప్రతి జిల్లాలో కంచలు, కుంటలు, గుట్టలను సర్కారు లెక్క తీయించాలి, ఆ పని మన విద్యార్థులకు అప్పగించాలి. రెండు, గొర్రెల కాపరికి, చెరువు తూము కాడ నీళ్లు పంచిన నీరటికి తెలిసిన సంగతులు కూడా పాఠంలో చేరాలి, తెలుగులో చేరాలి. మూడు, ఆ లెక్క తేలకుండా ఒక్క ఎకరం కూడా వేలానికి పెట్టకూడదు.

రెవెన్యూ, సర్వే, అటవీ శాఖల్లో పనిచేస్తున్న ఉద్యోగ మిత్రులకు ఒక మాట. బంజరు అని ఒక్క మాట రాసే కలం మీ చేతిలోనే ఉన్నది. రాసే ముందు ఆ నేల మీద ఒక్కసారి నడిచి రండి. విద్యార్థులారా, మీ ఊరి కంచ పేరు, దాని సర్వే నంబరు, అందులో ఉన్న చెట్టూ చేమా ఈ సెలవుల్లోనే రాసి పెట్టుకోండి. రేపు బుల్డోజర్ వచ్చిన నాడు ఆ నోటు పుస్తకమే మీ చేతిలో ఆధారం.