నోరు చూసి పంపేస్తే సరిపోదు

రాయికల్, కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల... ఎటు పోయినా బీడీల చాట ముందేసుకుని కూర్చున్న ఆడవాళ్లే కనిపిస్తారు. మగవాళ్లు గల్ఫ్‌కు పోయిన ఇళ్లను చాలాచోట్ల ఆ చాటే నిలబెడుతోంది. బీడీ చుట్టినంత మాత్రాన నోటి క్యాన్సర్ వస్తుందని నేననడం లేదు. కానీ తంబాకు ఎప్పుడూ చేతికందే దూరంలోనే ఉంటుంది. పన్ను గుంజుతుందనో, నిద్ర రాకుండా ఉంటుందనో చిటికెడు దవడన పెట్టుకునేవాళ్లు మనకు తెలియనివాళ్లా? పోనీ, వక్క ఒక్కటే నములుతున్నాం కదా అంటారు కొందరు. పొగాకు కలవని వక్క కూడా క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన పరిశోధన విభాగం 2004లోనే ప్రకటించింది.

తెలుగు ఆడవాళ్లకు ఈ జబ్బు కొత్తదేం కాదు. ఉత్తర కోస్తాలో చుట్ట నిప్పును నోట్లో పెట్టుకుని కాల్చే 'అడ్డపొగ' అలవాటు ఉన్న పల్లెల్లో 10,169 మంది నోళ్లు పరీక్షించి, అంగిలి మీద వచ్చే మార్పులను 1971లోనే డాక్టర్లు రాసిపెట్టారు.

కడుపులో జబ్బులా ఇది దాక్కోదు. కంటికి కనిపిస్తుంది. తుడిచినా పోని తెల్ల మచ్చ, ఎర్ర మచ్చ, రెండు వారాలైనా మానని పుండు, కారం తగిలితే మంట, మూడు వేళ్లు పట్టేంత కూడా నోరు తెరుచుకోకపోవడం... వీటిని పట్టుకోవడానికి టార్చిలైటు, శిక్షణ పొందిన మనిషి చాలు.

కేరళలోని తిరువనంతపురం దగ్గర 1996లో మొదలుపెట్టి ఇదే చేసి చూశారు. ఆరోగ్య కార్యకర్తలు ఇల్లిల్లూ తిరిగి నోళ్లు చూశారు. పొగాకు, మద్యం అలవాటున్నవాళ్లలో నోటి క్యాన్సర్ చావులు మూడోవంతు తగ్గాయని 2005లో లెక్క తేలింది. అదే లెక్కలో మరో మాట కూడా ఉంది. అనుమానం ఉందని పెద్ద పరీక్షకు పంపినవాళ్లలో నూటికి 63 మందే వెళ్లారు. తక్కిన 37 మంది? ఇంటిదాకా వచ్చి చెప్పినా గడప దాటలేదు!

నా బెంగంతా ఆ 37 మంది గురించే. మన దేశంలో 30 ఏళ్లు దాటినవారికి ఊళ్లోనే నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల పరీక్షలు చేయాలని 2016లో మార్గదర్శకాలు వచ్చాయి. ఆశా కార్యకర్త కాగితం నింపాలి, ఏఎన్ఎం నోరు చూడాలి. అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 30-49 ఏళ్ల స్త్రీలలో ఎన్నడైనా నోటి పరీక్ష చేయించుకున్నవారు దేశం మొత్తం మీద నూటికి ఒక్కరు కూడా లేరు.

పరీక్ష జరిగిందే అనుకుందాం. 'అనుమానంగా ఉంది, జగిత్యాల పోవమ్మా' అంటారు. పోతే ఆ రోజు బీడీలు పోయినట్టే. బస్సు కిరాయి, తోడు మనిషి, ఇంట్లో ముసలివాళ్లు, బడి పిల్లలు. అక్కడినుంచి హైదరాబాదు ఎంఎన్‌జే ఆసుపత్రికి పొమ్మంటే ఇక గుండె జారిపోతుంది. 'నొప్పేం లేదు కదా, చూద్దాం తియ్యి' అనేస్తుంది. మొదట్లో నొప్పి ఉండకపోవడమే ఈ జబ్బులోని మోసం.

అందుకే పరీక్ష ఆమె ఉన్నచోటికే రావాలి. బీడీలు అప్పజెప్పే కార్ఖానా దగ్గర, మహిళా సంఘం మీటింగులో చూడొచ్చు. అనుమానం వచ్చినవాళ్ల కోసం నెలకొక రోజు పళ్ల డాక్టరే రాయికల్‌కు వస్తే సగం దారి తగ్గుతుంది. ముక్క పరీక్షకు పోవాల్సినవాళ్లకు ఆశా తోడు వెళ్లాలి, ఆ రోజు కూలీ, కిరాయి ఇవ్వాలి. మీటింగుల్లో ఎంతమంది నోళ్లు చూశారో చదువుతారు. పంపినవాళ్లలో ఎంతమంది ఆసుపత్రికి చేరారో కూడా చదవమని మన సంఘాలు గట్టిగా అడగాలి.

ఈలోపు మన చేతిలో పనొకటుంది. నెలకోసారి వెలుతురులో అద్దం ముందు నోరు తెరిచి చూసుకోండి. అత్తమ్మకూ చూడండి. రెండు వారాలు దాటిన పుండు కనిపిస్తే పసుపు, తేనె అంటూ ఆగకండి.