పని ఆగకుండా చూసే మనిషి మాట వినేదెవరు?

2025 డిసెంబర్ మొదటి వారంలో విమానం ఎక్కాల్సినవాళ్లు ఆ రోజుల్ని అంత తేలిగ్గా మరచిపోలేరు. డీజీసీఏ లెక్క ప్రకారం డిసెంబర్ 3 నుంచి 5 వరకు, మూడంటే మూడే రోజుల్లో 2,507 ఇండిగో విమానాలు రద్దయ్యాయి. మరో 1,852 ఆలస్యమయ్యాయి. మూడు లక్షల మందికి పైగా ఇరుక్కుపోయారు. వాళ్లలో శంషాబాద్‌లో సామాన్లతో కూర్చున్న మనవాళ్లూ ఉన్నారు. కర్ణాటకలో ఒక కొత్త జంటయితే తమ రిసెప్షన్‌కు తామే అందుకోలేక వీడియో కాల్‌లో కనిపించింది. వేదిక మీద వాళ్ల కుర్చీల్లో పెద్దవాళ్లు కూర్చున్నారు.

ఇంతకీ ఏమైంది? భూకంపం రాలేదు, యుద్ధం రాలేదు. పైలట్లకు విశ్రాంతి పెంచే నిబంధనలు అమల్లోకి వచ్చాయి. వారానికి 36 గంటల విశ్రాంతిని 48 గంటలు చేసే భాగం జూలై 1 నుంచి, రాత్రి ల్యాండింగులను ఆరు నుంచి రెండుకు తగ్గించే భాగం నవంబర్ 1 నుంచి అమలైంది. ఈ నిబంధనలు ప్రకటించింది 2024 జనవరిలో. అంటే రాబోయేది ఏమిటో దాదాపు రెండేళ్ల ముందే తెలుసు. సాంకేతిక లోపాలు, శీతాకాలం షెడ్యూలు, వాతావరణం కూడా కారణాలేనని ఇండిగో చెప్పుకుంది. విచారణ తర్వాత డీజీసీఏ మాత్రం వేరే చోట వేలు పెట్టింది: విమానాలనూ సిబ్బందినీ ఏమాత్రం వెసులుబాటు మిగలకుండా వాడుకోవడం, కొత్త నిబంధనలకు సరిగ్గా సిద్ధం కాకపోవడం, సాఫ్ట్‌వేర్ లోపాలు, యాజమాన్యం తీరులో లోపాలు. 22.20 కోట్ల రూపాయల జరిమానా వేసింది.

ఇలాంటివి ముందే పసిగట్టడానికే ఒక ఉద్యోగం ఉంది. దాని పేరు బిజినెస్ కంటిన్యుటీ. మన ఇళ్లల్లో ఈ మాట పెద్దగా వినపడదు. ఏం జరిగినా సంస్థ పని ఆగకుండా, ఆగినా త్వరగా లేచేలా చూడటం ఆ మనిషి పని. అతను అడిగే ప్రశ్నలు వినడానికి విసుగ్గా ఉంటాయి. ఈ పని ఆగిపోతే ఎంతసేపు తట్టుకోగలం? గంటా, పూటా, రెండు రోజులా? సర్వర్ పడిపోతే ఎలా? సగం మంది డ్యూటీకి రాకపోతే ఎలా? జవాబులన్నీ రాసిపెట్టి, ఆ తర్వాత నిజంగా చేయించి చూస్తాడు. దాన్నే డ్రిల్ అంటారు. కాగితం మీద ప్లాన్ ఎంత బాగున్నా డ్రిల్ రోజునే అసలు రంగు బయటపడుతుంది. లిస్టులో ఉన్న ఫోన్ నంబర్ రెండేళ్ల కిందట ఉద్యోగం మానేసినవాడిది. జనరేటర్ ఉంది, డీజిల్ లేదు. బ్యాకప్ రోజూ తీస్తున్నారు, కానీ అది తిరిగి తెరుచుకుంటుందో లేదో ఎవరూ చూడలేదు. ఆఫీసులో డ్రిల్ అనగానే సగం మంది టీ తాగడానికి జారుకుంటారు, అది వేరే సంగతి.

ప్లాన్ ఉండటం ఒకటి, దాన్ని వాడమని చెప్పే ధైర్యం ఇంకొకటి. 2021 ఫిబ్రవరి 24న నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో టెలికం లింకులు దెబ్బతిని ఉదయం 11:40కి ట్రేడింగ్ ఆగిపోయింది. మళ్లీ మొదలైంది మధ్యాహ్నం 3:45కి. ఇలాంటి రోజు కోసమే కట్టుకున్న ప్రత్యామ్నాయ కేంద్రం వాళ్లకు ఉంది. దానికి మారలేదు! ఇదిగో బాగవుతుంది, అదిగో బాగవుతుంది అని చూస్తూ నాలుగు గంటలు గడిపేశారు. తర్వాతి నెలలోనే సెబీ గట్టి షరతు పెట్టింది. కీలక వ్యవస్థ ఆగితే అరగంటలోపు దాన్ని విపత్తుగా ప్రకటించాలి, ప్రకటించాక 45 నిమిషాల్లో పని మళ్లీ నడవాలి. 2024 మార్చి 2న, శనివారం సెలవు రోజు, ఎక్స్ఛేంజీలు ప్రత్యేకంగా తెరిచి, ట్రేడింగ్ మధ్యలో ప్రత్యామ్నాయ కేంద్రానికి మారి చూపించాయి. ఇండిగో కథలో కూడా నాకు తేలని ప్రశ్న ఇదే: పైలట్లు చాలరు, షెడ్యూలు తగ్గించండి అని గట్టిగా చెప్పే అధికారం ఎవరి చేతిలో ఉంది?

చెప్పకుండా వచ్చే దెబ్బలూ ఉంటాయి. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ పంపిన తప్పుడు అప్‌డేట్‌తో ప్రపంచంలో 85 లక్షల విండోస్ కంప్యూటర్లు పడిపోయాయి. హైదరాబాద్ నుంచి వెళ్లే ప్రయాణికుడికి చేత్తో రాసిచ్చిన బోర్డింగ్ పాస్ ఫొటో అప్పుడే వైరలైంది. నవ్వుకున్నాం గానీ, పెన్నూ కాగితంతో విమానం ఎక్కించగలగడం కూడా తయారీయే. అదే దెబ్బ అమెరికా విమాన సంస్థలకూ తగిలింది. చాలా సంస్థలు త్వరగానే కోలుకుంటే, డెల్టా మాత్రం ఐదు రోజుల్లో దాదాపు 7,000 విమానాలు రద్దు చేసుకుంది. ఏ సిబ్బంది ఎక్కడున్నారో లెక్క చూసే దాని సాఫ్ట్‌వేర్ మార్పుల వేగాన్ని అందుకోలేకపోయింది.

ఇక్కడే మన కంపెనీలు పొరపడుతున్నాయని నా అభిప్రాయం. కంటిన్యుటీ అంటే సర్వర్ల వ్యవహారం అనుకుని ఐటీ విభాగంలో ఒక మూలన కూర్చోబెడతారు. ఇండిగోకు కొరత వచ్చింది మనుషులకు. షెడ్యూలు వేసేవాళ్లను, హెచ్‌ఆర్‌ను, కాల్ సెంటర్‌ను ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టి అడగగలిగేవాడు కావాలి, అతని మాట బోర్డు దాకా చేరాలి. పైగా ఈ ఉద్యోగానికి ఒక శాపం ఉంది. పని బాగా చేస్తే ఏమీ జరగదు. ఏమీ జరగని ఏడాది చివర్లో అతని బడ్జెట్టే ముందు కోస్తారు.

డిగ్రీ చేసి హైదరాబాద్‌లో ఉద్యోగం వెతుక్కుంటున్న పిల్లలు ఈ వైపు ఒకసారి చూడొచ్చు. బ్యాంకుల్లో, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లోని విదేశీ కంపెనీల ఆఫీసుల్లో ఈ టీములు ఉంటాయి. కోడింగ్ రాకపోయినా ఓపిగ్గా అడిగి, స్పష్టంగా రాయగలిగినవాళ్లకు చోటుంది. బ్రిటన్‌లోని బిజినెస్ కంటిన్యుటీ ఇన్‌స్టిట్యూట్ ఇచ్చే సీబీసీఐ సర్టిఫికెట్‌కు ఈ రంగంలో గుర్తింపు ఉంది.

ఇండిగో నుంచి డీజీసీఏ 50 కోట్ల రూపాయల బ్యాంకు గ్యారంటీ కూడా అడిగింది. సంస్కరణలు నిజంగా జరిగాయని తేలేకొద్దీ దాన్ని దశలవారీగా వదులుతారు. సిబ్బంది ప్లానింగ్ కూడా ఆ జాబితాలో ఉంది. గల్ఫ్ నుంచి పిల్లాజెల్లాతో సెలవులకు వచ్చేవాళ్లతో శంషాబాద్ కిటకిటలాడే రోజుల్లో ఆ ప్లానింగ్ ఎంత గట్టిదో తెలుస్తుంది.