సముద్రం ఒడ్డునా వంటిల్లేనా?

వేసవి సెలవులు దగ్గరపడ్డాయంటే చాలు, మన వరంగల్, హనుమకొండ ఇళ్ళల్లో సముద్రం మాట మొదలవుతుంది. డాబా ఇల్లు పెనంలా కాలుతూంటే పిల్లలు "బీచ్‌కి పోదాం" అని గొడవ. ఆయనగారు "చూద్దాంలే" అని పేపర్లో తల దూరుస్తారు. 2014 జూన్ 2 నుంచి మన రాష్ట్రానికి సముద్రతీరం లేకుండా పోయింది గానీ, సముద్రం మీద మోజు ఎక్కడికి పోతుంది చెప్పండి! గోదావరి ఎక్స్‌ప్రెస్ సాయంత్రం హైదరాబాద్‌లో బయలుదేరి మన వరంగల్ మీదుగానే వెళ్ళి తెల్లారేసరికి విశాఖలో దించుతుంది. కృష్ణా ఎక్స్‌ప్రెస్ ఎక్కితే విజయవాడ, తెనాలి దాటి బాపట్ల. అక్కణ్ణుంచి తొమ్మిది కిలోమీటర్లే సూర్యలంక తీరం. కాబట్టి దారి పెద్ద సమస్య కాదు.

అసలు ప్రశ్న వేరే ఉంది. ఆ సెలవు ఎవరికి?

నా మట్టుకు నాకు ఒకటే అభిప్రాయం. ఇంట్లో వండే మనిషికి సెలవు దొరకని విహారయాత్రని కుటుంబమంతా కలిసి తీసుకున్న సెలవు అనకూడదు. వంటిల్లు మూడు రోజులు ఊరు మారిందంటే సరిపోతుంది. ఈ మాట కొందరికి కటువుగా అనిపించొచ్చు. కానీ ఒక్కసారి మన ప్రయాణాలు ఎలా జరుగుతాయో గుర్తు తెచ్చుకోండి.

మూడు రోజుల ప్రయాణానికి వారం ముందే ఇల్లాలి పని మొదలు. దారిలోకి సకినాలు, రైల్లోకి పులిహోర, పిల్లాడికి పెరుగన్నం. ఎవరి బట్టలు ఎన్ని జతలు, అత్తమ్మ బీపీ మాత్రలు, మామయ్య మఫ్లర్, పాపకి దగ్గు మందు. పాలవాడికి చెప్పాలి. పేపరు ఆపించాలి. ఫ్రిజ్ ఖాళీ చేయాలి. తులసికోటకి నీళ్ళు పోయమని పక్కింటావిడకి తాళంచెవి అప్పగించాలి. తిరిగొచ్చాక ఇసుక నిండిన బట్టలు బకెట్లకి బకెట్లు. మర్నాడు పొద్దున్నే మళ్ళీ టిఫిన్ డబ్బాలు. ఇంట్లోవాళ్ళకి మూడు రోజుల సెలవైతే ఆవిడకి పది రోజుల అదనపు డ్యూటీ!

మా అమ్మ తన జీవితంలో సముద్రాన్ని చూసింది ఒక్కసారే. మా చిన్నప్పుడు, రామేశ్వరంలో. పదిహేను మందిమి వెళ్ళాం. సత్రంలో రెండు గదులు. కిరసనాయిల్ స్టవ్వు, బియ్యం మూట, పచ్చళ్ళ జాడీలు అన్నీ వరంగల్ నుంచి మోసుకెళ్ళినవే. తెల్లారి సముద్రస్నానం చేసి మేమంతా ఒడ్డున ఆడుకుంటూంటే, అమ్మ తడి చీర మార్చుకుని గబగబా సత్రానికి నడిచింది. పదకొండింటికల్లా పదిహేను మందికి అన్నం కావాలి కదా. తర్వాత ఎవరైనా "రామేశ్వరం ఎట్లుంది?" అని అడిగితే, "నీళ్ళు ఉప్పగుండె, పప్పు ఉడకలే" అని చెప్పేది. మేం నవ్వేవాళ్ళం. ఆ ప్రయాణంలో ఆమెకి గుర్తున్నది అదే మరి.

ఆ తరం ఆడవాళ్ళకి విశ్రాంతి అంటే తల్లిగారిల్లు. ఎండాకాలంలో పది రోజులు పుట్టింటికి పోతే పొద్దెక్కేదాకా పడుకోవచ్చు, కూచున్న చోటికి కంచం వస్తుంది. మంచిదే. కానీ ఆ కంచం తెచ్చేదెవరు? వదినమ్మ! ఆమె తన తల్లిగారింటికి పోయినప్పుడు అక్కడ ఆమె వదినమ్మ. అంటే ఒక ఆడమనిషి కాలు చాపుకోవాలంటే ఇంకో ఆడమనిషి నిలబడాల్సిందే. ఇప్పుడు ఆ వదినలు కూడా ఉద్యోగాలు చేస్తున్నారు. అమ్మలు పెద్దవాళ్ళైపోయారు. పుట్టింటికి వెళ్ళిన ఆడపడుచు తానే చీపురు అందుకుంటోంది. ఆ పాత సెలవు కూడా కరిగిపోయింది.

సెలవు అనేది ఎవరో దయతలచి ఇచ్చేది కాదు. మన వరంగల్‌కే వద్దాం. 1934లో మొదలైన ఆజంజాహి మిల్లు ఈ ఊరికి కూడు పెట్టింది. 1948లో వచ్చిన ఫ్యాక్టరీల చట్టం ఇలాంటి చోట్ల పనిచేసే కార్మికులకి వారానికో సెలవు ఉండాలంది. ఏడాదిలో 240 రోజులు పనిచేసిన మనిషికి ప్రతి 20 రోజుల పనికీ ఒక రోజు చొప్పున జీతంతో సెలవు ఇమ్మంది. మరి సైరన్ కూతకి ముందే లేచి, ఆ కార్మికుడి సద్దిడబ్బా కట్టిన ఇల్లాలికి? ఆమె పేరు ఏ మస్టర్ రోల్‌లోనూ లేదు. మిల్లు ఎప్పుడో మూతపడింది. ఆ సద్దిడబ్బా పని మాత్రం ఇప్పటికీ నడుస్తూనే ఉంది.

అదే 1948 డిసెంబర్ 10న ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల ప్రకటన చేసింది. అందులో 24వ అధికరణం, విశ్రాంతి, తీరిక ప్రతి ఒక్కరి హక్కు అంటుంది. ఆ ప్రకటన మొదటి అధికరణం ముసాయిదాలో 'పురుషులందరూ' అన్న అర్థంలో ఉన్న మాటని 'మానవులందరూ' అని మార్పించడంలో పట్టుబట్టింది మన దేశ ప్రతినిధి హంసా మెహతా. ఆ పుణ్యాత్మురాలు మనల్ని ఆ వాక్యంలోకి చేర్చింది. మన ఇళ్ళల్లో ఇంకా చేరాల్సి ఉంది!

లెక్కలు చెప్పందే నమ్మరు కదా, లెక్కలే చూద్దాం. కేంద్ర గణాంక శాఖ 2024లో దేశమంతటా సమయ వినియోగ సర్వే చేసింది. జీతం లేని ఇంటిపని చేసేవాళ్ళలో ఆడవాళ్ళు రోజుకి సగటున 289 నిమిషాలు, మగవాళ్ళు 88 నిమిషాలు దానికి వెచ్చిస్తున్నారని తేలింది. 2019 సర్వేలో ఇవి 299, 97. అంటే ఐదేళ్ళలో మనకి తగ్గింది పది నిమిషాలు. వాళ్ళకీ తొమ్మిది నిమిషాలు తగ్గింది! కాబట్టి మన పని వాళ్ళు అందుకున్నందువల్ల తగ్గిందని సంబరపడాల్సిన పని లేదు.

ఇంటిపనికి 289 నిమిషాలు, పిల్లల్నీ పెద్దల్నీ చూసుకునేవాళ్ళకి దానికి మరో 137 నిమిషాలు. రెండూ చేసే ఇల్లాలికి మొత్తం 426. ఎనిమిది గంటల డ్యూటీగా మారిస్తే ఏడాదికి దాదాపు 324 రోజులు. ఇరవైకి ఒకటి చొప్పున ఆ పాత ఫ్యాక్టరీ లెక్కే వేసుకున్నా పదహారు రోజుల సెలవు మనకి రావాలి. నేనడుగుతున్నది అందులో మూడు రోజులు!

ఈ మాట మా ఇంట్లో అన్నప్పుడు పెద్ద చర్చే జరిగింది. సూర్యలంకలో సముద్రానికి ఎదురుగా పన్నెండు గదుల చిన్న హోటల్ ఉందని తెలిసి, అక్కడికి పోదామన్నాను. ఇలాంటివాటిని 'బొటిక్ హోటల్' అంటున్నారు. బొటిక్ అంటే మనకి జాకెట్లు కుట్టించుకునే షాపే గుర్తొస్తుంది. గదులు తక్కువ, హడావిడి తక్కువ, అడిగినవి వండిపెట్టే చిన్న హోటళ్ళకి ఇప్పుడు అదే పేరు. మా ఆయన వెంటనే, "మరి రైస్ కుక్కర్ పట్టుకపోదామా? రూంలో ప్లగ్గు ఉంటది గద" అన్నారు. మా ఆడబిడ్డ ఫోన్‌లో, "వదినా, కిచెన్ ఉన్న రూం తీస్కో, సగం పైసలు మిగుల్తయ్" అంది. మా అత్తమ్మకైతే మనసే ఒప్పలేదు. "గన్ని పైసలు పెట్టి పోవుడెందుకు బిడ్డా? బయటి తిండి నాకు పడదాయె" అంది.

నేను ఒక్కటే చెప్పాను. "కుక్కర్ వస్తే నేను రాను."

డబ్బు మాట తేలిగ్గా తీసేసేది కాదు. నేను ఏడాదిపాటు నెలకి రెండువేల ఐదొందల చిట్టీ కట్టాను. ముప్పై వేలు. రెండు గదులు, తిండి, రైలు ఖర్చులు అందులోనే సర్దుకున్నాం. ముప్పై వేలకి ఎంత బంగారం వస్తుందో నాకూ తెలుసు. కానీ గమనించండి, ఇంట్లో ఏసీ కొన్నప్పుడు, బండి మార్చినప్పుడు "ఎందుకంత ఖర్చు" అని ఎవరూ అడగరు. ఇల్లాలు నడుం వాల్చే ఖర్చు దగ్గరికి వచ్చేసరికే ఇంట్లో అందరికీ పొదుపు గుర్తొస్తుంది.

వెళ్ళాం. ఏం జరిగింది అంటే, చెప్పుకోదగ్గది ఏమీ జరగలేదు. అదే బాగుంది. మొదటి రోజు పొద్దున్నే ఐదింటికి అలవాటు ప్రకారం మెలకువ వచ్చింది. లేచి ఏం చేయాలో తోచలేదు. వరండాలో కూచుని అలల చప్పుడు విన్నాను. మా అబ్బాయి వచ్చి "అమ్మా, ఏం చేస్తున్నవ్?" అని అడిగాడు. "ఏం చేస్తలేను" అన్నాను. వాడు వింతగా చూశాడు. పదమూడేళ్ళుగా నన్ను చూస్తున్నాడు, నా నోట ఆ జవాబు వినడం అదే మొదటిసారేమో!

అన్నిటికంటే అత్తమ్మ సంగతి చెప్పాలి. డెబ్భై ఏళ్ళు దాటిన మనిషి, సముద్రం చూడటం అదే మొదలు. హోటల్ ఇడ్లీలో ఉప్పు తక్కువంది, చట్నీ పలచనంది. ఐనా రెండోసారి కాఫీ అడిగి తెప్పించుకుంది. సాయంత్రం నీళ్ళ అంచున కుర్చీ వేసుకుని, కాళ్ళు తడుపుకుంటూ, తన పెళ్ళైన కొత్తలో ఇరవై మందికి జొన్నరొట్టెలు కొట్టిన రోజుల గురించి చెప్పింది. పదిహేడేళ్ళుగా ఒకే ఇంట్లో ఉంటున్నాం. ఆ కబుర్లు నాకెప్పుడూ చెప్పలేదు. చెప్పడానికి ఇద్దరం ఒకేసారి ఖాళీగా కూచున్నదెప్పుడు? మూడో రోజు పొద్దున నెమ్మదిగా నా దగ్గరికొచ్చి అడిగింది. "ఇయ్యాల గూడ మనం వండుడు లేదా బిడ్డా?"

'మనం' అంది చూశారా! ఎప్పుడో వంటింటి నుంచి రిటైరైందనుకున్న మనిషి లోపల్లోపల ఇంకా డ్యూటీలోనే ఉంది.

ఇక్కడ కొందరు న్యాయమైన ప్రశ్న అడుగుతారు. మీరు కాలు చాపుకుంటే హోటల్లో వండి, ఊడ్చి, దుప్పట్లు మార్చింది ఇంకో ఆడమనిషే కదా అని. నిజమే. మా గది శుభ్రం చేసింది కూడా ఒకావిడే. తేడా ఏంటంటే ఆమె చేసేదాన్ని పని అంటారు, దానికి జీతం ఉంటుంది. ఆ జీతం సరిపోతోందా, వారానికో రోజు సెలవు దొరుకుతోందా అన్నది మనం పట్టించుకోవాల్సిందే. కనీసం గదంతా ఇసుక చేసి, తడి తువ్వాళ్ళు మంచాల మీద పారేసి, పోతూ పోతూ బేరాలాడి రాకూడదు. ఆవిడతో పేరు పెట్టి మాట్లాడటం, వెళ్ళేటప్పుడు చేతిలో పెట్టాల్సింది పెట్టడం పిల్లలకి నేర్పించాలి. ఇంట్లో అమ్మ పనికి విలువ తెలియని పిల్లలు అక్కడ ఆమె పనికీ విలువివ్వరు.

అందరికీ సముద్రమే కుదరదు. కుదరాల్సిన పనీ లేదు. మనకి లక్నవరం ఉంది. చెరువు మధ్య దీవి, వేలాడే వంతెన, పర్యాటక శాఖవారి కాటేజీలు. కాకతీయుల కాలంనాటి పాకాల చెరువుంది. 2021లో యునెస్కో గుర్తింపు పొందిన రామప్ప గుడి, దాని పక్కనే చెరువు ఉన్నాయి. ఎక్కడికైనా పొండి. షరతు మాత్రం ఒక్కటే. మీతో స్టవ్వు రాకూడదు.

మా ఇంట్లో ఇప్పుడు కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నాం. పదేళ్ళు దాటిన ప్రతివాళ్ళూ ఎవరి బ్యాగు వాళ్ళే సర్దుకోవాలి. ఏదైనా మరిచిపోతే "అమ్మా, పెట్టలేదా?" అన్న ప్రశ్న రాకూడదు. పాలవాడు, పేపరు, తాళాలు ఆయన బాధ్యత. దారిలోకి తిండి కావాలంటే అరటిపళ్ళు, బ్రెడ్డు కొనుక్కోవాలి. సకినాలు తినాలనిపిస్తే దుకాణంలో దొరుకుతాయి. తిరిగొచ్చాక ఒక రోజు సెలవు ఇంకా మిగిలుండేలా టికెట్లు తీయాలి. ఆ రోజు బట్టలు మగవాళ్ళే మిషన్‌లో వేసి, ఆరేసి, మడతపెట్టాలి. ఇవేమీ పెద్ద విప్లవాలు కావు. మడతలు సరిగ్గా రాకపోయినా చూసీచూడనట్టు ఊరుకోవడమే మనకి కాస్త కష్టం!

అక్కల్లారా, చెల్లెళ్ళారా! ఈసారి మీ ఇంట్లో ప్రయాణం మాట వచ్చినప్పుడు, ఎక్కడికి, ఎన్ని రోజులు, ఎంత ఖర్చు అన్న ప్రశ్నలకంటే ముందు ఒకటి అడగండి. "వంట ఎవరిది?" అని. జవాబుగా అందరూ మీ వైపే చూశారనుకోండి, టికెట్లు అప్పుడే తీయనివ్వకండి.