తాళంచెవికి రాయి లొంగుతుందా?

కామవరపుకోట దగ్గరి గుంటుపల్లి గుహలు చూశారా? గుండ్రటి చైత్యం లోపల నిలబడి తల పైకెత్తండి. పూరిపాక వాసాల్లా కనిపిస్తాయి, కానీ అంతా రాయే! క్రీ.పూ. 2వ శతాబ్దం ప్రాంతంలో ఇసుకరాతి కొండను తొలిచి చేశారు.

ఇసుకరాతి రేణువుల్లో ఎక్కువ భాగం క్వార్ట్జ్. అందులో ఒక్కో సిలికాన్ పరమాణువు నాలుగు ఆక్సిజన్ పరమాణువులతో ఎలక్ట్రాన్లు పంచుకుని గట్టిగా ముడిపడి ఉంటుంది. మీ బైక్ తాళంచెవి దాని మీద గీత కూడా పెట్టలేదు.

మరి ఇలాంటి గోడల మీద కొందరు పేర్లెలా చెక్కేస్తారు? తాళంచెవి తెంపేది రేణువుకీ రేణువుకీ మధ్య ఉన్న అతుకును. జిగురులా పనిచేసే ఆ ఖనిజం మామూలుగా రేణువంత గట్టిగా ఉండదు. అప్పట్లో ఉలికి కొండ లొంగిందీ అందుకే.

ఒకసారి రాలిన రేణువు మళ్లీ అతుక్కోదు. సెల్ఫీ దిగండి, పేరు మాత్రం క్యాప్షన్‌లో రాసుకోండి!