ఆపరేషన్‌కు డబ్బిచ్చే బీమా ఊపిరి మిషన్‌కు ఎందుకివ్వదు?

గురక అంటే మన ఇళ్లలో నవ్వులాట. కానీ గురక పెడుతున్న మనిషి ఉన్నట్టుండి నిశ్శబ్దమైపోయి, కొన్ని క్షణాలకు ఉలిక్కిపడి ఊపిరి తీసుకుంటున్నారంటే అది నవ్వే విషయం కాదు. అది స్లీప్ ఆప్నియా కావచ్చు. నిద్రలో గొంతు కండరాలు వదులై శ్వాస దారి మూసుకుపోతుంది. గంటకు 30 సార్లు, అంతకు మించి ఇలా జరిగితే జబ్బు తీవ్రంగా ఉన్నట్లు. బి.పి., గుండెజబ్బు, పక్షవాతం ముప్పు పెరుగుతుంది. సింహాసనం, గ్యాంగ్ లీడర్ చిత్రాలకు సంగీతం ఇచ్చిన బప్పీ లహరి 2022 ఫిబ్రవరిలో ముంబయిలో మరణించినప్పుడు వైద్యులు చెప్పిన కారణం ఇదే.

దీనికి ముఖ్యమైన చికిత్స సీప్యాప్ మిషన్. మాస్కు ద్వారా ఒత్తిడితో గాలి పంపి, రాత్రంతా శ్వాస దారిని తెరిచి ఉంచుతుంది. 2021 జూన్ 14న ఫిలిప్స్ కంపెనీ ఇలాంటి మిషన్లను లక్షల సంఖ్యలో వెనక్కి పిలిచింది. శబ్దం తగ్గించడానికి లోపల పెట్టిన ఫోమ్ చివికి, దాని నలుసులు, వాయువులు రోగి ఊపిరిలోకి వెళ్లవచ్చన్నది కారణం. బాగుచేసి గానీ మార్చి గానీ ఇస్తామని కంపెనీ చెప్పింది. కానీ ప్రపంచమంతటా ఎందరో నెలల తరబడి ఎదురుచూశారు.

ఆ రోజుల్లో ఫిల్మ్‌నగర్ బస్తీ నుండి మా దగ్గరకు ఒక షూటింగ్ కారు డ్రైవర్ వచ్చేవారు. ఆయన భార్య గాజులు తాకట్టు పెట్టి కొన్న మిషన్ కూడా ఆ జాబితాలో ఉంది. భయపడి, ఎవరినీ అడగకుండా వాడటం మానేశారు. కొత్తది కొనుక్కోవడానికి తన బీమా కంపెనీని అడిగితే, "ఇంట్లో వాడే పరికరానికి చెల్లించము" అని ఒక్క వాక్యంలో ఉత్తరం వచ్చింది. మూడు వారాలకు చెక్‌పోస్ట్ దగ్గర స్టీరింగ్ మీదే కునుకు తీసి, డివైడర్‌ను గుద్దారు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. "సిస్టరమ్మా, చేయి విరిగి వార్డులో పడుంటే డబ్బిచ్చేవాళ్లట, పడకుండా కాపాడే మిషన్‌కు ఇవ్వరట" అంది ఆయన భార్య. మా దగ్గర జవాబు లేకపోయింది.

మన పాలసీలు ఎక్కువగా ఆసుపత్రిలో చేరినవారి ఖర్చు కోసం రాసినవే, నిజమే. కానీ ఐ.ఆర్.డి.ఎ.ఐ. నిబంధనల్లోనే ఒక మాట ఉంది. బి.ఎం.ఐ. 35 గానీ అంతకు మించి గానీ ఉండి, తీవ్రమైన స్లీప్ ఆప్నియా ఉండి, ఇతర పద్ధతుల్లో బరువు తగ్గకపోతే, డాక్టరు సలహాపై చేసే స్థూలకాయ ఆపరేషన్‌ను మినహాయింపు పేరుతో తోసిపుచ్చకూడదు. ఆపరేషన్‌కు పనికివచ్చేంత పెద్ద జబ్బు, మిషన్ దగ్గరకు వచ్చేసరికి చిన్నదవుతుందా? కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల సి.జి.హెచ్.ఎస్. పథకంలో ముందుగా అనుమతి తీసుకుంటే సీప్యాప్ ఖర్చు ఒక పరిమితి వరకు తిరిగి ఇస్తున్నారు. మిగతా బీమాల్లోనూ ఈ ఏర్పాటు ఉండాలని మా అభిప్రాయం. లోపమున్న మిషన్‌ను మార్చే భారం మొదట తయారుచేసిన కంపెనీదే. అది ఆలస్యమైతే రోగి ఊపిరి ఆగకుండా చూడటం బీమా బాధ్యత కావాలి.

అందాకా మనం చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. మిషన్ బిల్లు, సీరియల్ నంబరు, నిద్ర పరీక్ష రిపోర్టు, డాక్టరు చీటీ ఒకే కవరులో దాచండి. మిషన్‌ను వెనక్కి పిలిచారని తెలిస్తే మీ అంతట మీరు ఆపేయకండి, ముందు డాక్టరును అడగండి. లోపలి ఫోమ్‌ను మీరే తీసే ప్రయత్నం చేయవద్దు. ఓజోన్‌తో శుభ్రం చేయవద్దు. బీమా కంపెనీని నోటితో కాదు, కాగితం మీద అడగండి. కాదంటే ఏ నిబంధన కింద కాదన్నారో రాసిమ్మనండి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు న్యాయంగా లేకపోయినా, ఏడాదిలోగా హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ ఆంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. దానికి రుసుము లేదు, వకీలూ అక్కర్లేదు.

ఆ డ్రైవర్‌కు అప్పుడు ఈ సంగతులు చెప్పలేకపోయాము. ఇప్పుడు మీకు చెబుతున్నాము. ఉత్తరం రాయడం రానివారు కాగితాలన్నీ తీసుకుని మా నర్సింగ్ ఆఫీసుకు రండి. కూర్చుని రాసిపెడతాము.