రాతి గట్టున చిక్కే గాలం
అమెరికా జలాశయాల్లో అలల కోతను ఆపేందుకు పేర్చిన రాళ్ల గట్ల సందుల్లో క్రేఫిష్ అనే రొయ్యను పోలిన జీవులు దాగుతాయి, వాటికోసం బాస్ చేపలు అక్కడికే చేరతాయి, ఎరనూ అక్కడే వేయాలి గనుక, గాలం రాళ్లలో ఇరుక్కోవడాన్ని దురదృష్టమనడం కంటే ఎరను నడిపే తీరులోని లోపమనడమే సబబు. గాలపు మొనను మెత్తని ప్లాస్టిక్ ఎరలో దాచే టెక్సస్ రిగ్ అనే అమరిక కొంత కాపాడుతుంది. అయితే మొన దాగినా బరువుకు కట్టిన గుండు సందులో దిగబడుతుంది కాబట్టి, ఒడ్డున నిలిచినవారు ఎరను లోతు నుంచి మెట్టకు ఈడ్చకుండా గట్టు వెంబడే విసిరి, కర్ర కొనను ఎత్తిపట్టి నడపడం మేలు. చిక్కగానే బలంగా గుంజడం (అందరూ చేసేది అదే) గుండును మరింత బిగిస్తుంది. దారాన్ని వదులుచేసి, పక్కకు జరిగి, మరో కోణంలో కదిపితే తరచు ఊడివస్తుంది. దారం తెగి నీటిలో మిగిలిన సీసపు గుండ్లను మింగి లూన్ అనే నీటిపక్షులు చనిపోతున్నందునే న్యూహాంప్‌షైర్ రాష్ట్రం 2016 నుంచి ఒక ఔన్సు, అంటే సుమారు 28 గ్రాములు, అంతకు లోపు బరువున్న సీసపు గుండ్ల అమ్మకాన్ని నిషేధించింది.