వన్నె కొఱకు వైకల్యము

కార్తిక శుద్ధ చవితినాడు గోదావరి గట్లమీదను కోనసీమ కొబ్బరితోటలలోను పుట్టల చుట్టు జనము చేరి, పాలు పోసి, చిమ్మిలియు చలిమిడియు నివేదించి, పుట్టమన్ను చిటికెడు తీసి పిల్లల చెవులకు పూయుట మనకు తరతరాలుగా వచ్చుచున్న ఆచారము. నాగేంద్రుడు చెవిపోటు రాకుండ కాచునని నమ్మిక. అట్టి మనలో, చెవిలోనే లోపముతో పుట్టింపబడుచున్న పామొకటి లోకమున కలదని తెలిసినవారు తక్కువ.

బాల్ పైథాన్ పశ్చిమాఫ్రికాకు చెందిన చిన్న జాతి కొండచిలువ. విషము లేదు, బెదరినచో తలను మడతలలో దాచుకొని బంతివలె ముడుచుకొనును. బెనిన్ దేశమందలి ఉయిదా పట్టణములో పాములకు గుడియే కలదు. 1999లో అమెరికాకు దిగుమతియైన ఇట్టి పామొకదాని యొడలిపై సన్నని నల్లచారల అల్లిక కానవచ్చుటచే, దానికి ‘స్పైడర్’ అని పేరిడి, సంతతిని పెంచి అమ్మసాగిరి. ఆ జన్యువు ప్రబలమైనదగుటచే తల్లిదండ్రులలో ఒకదానికే యున్నను పిల్లలలో ఇంచుమించు సగమునకు సంక్రమించును; చారలతోపాటు వైకల్యమును సంక్రమించును. ఆ పాము పైకెత్తిన తల నిలువదు. ఒక ప్రక్కకు వాలి వణకును, ముదిరినచో మెలిదిరిగి వెల్లకిల పడును, ఎరపైకి విసరిన కాటు గుఱి తప్పును. 2022లో వెలువడిన పరిశోధన కారణమును చూపినది: లోచెవిలో దేహమునకు సమతూకము నిచ్చు అర్ధవృత్తాకార నాళములును, వాని చెంతనున్న చిన్ని తిత్తియు వికృతముగా ఏర్పడియున్నవి.

అవి తినుచున్నవి, గ్రుడ్లు పెట్టుచున్నవి, ఏండ్ల తరబడి బ్రతుకుచున్నవి, కావున బాధ లేదని పెంపకందార్లు వాదింతురు. పాము మూలుగదు, కంట నీరు పెట్టదు. దాని మౌనమును అంగీకారముగా గైకొనుట న్యాయము కాదు. దైవవశమున లోపముతో పుట్టిన ప్రాణిని చేరదీసి సాకుట కరుణ. లోపము తప్పదని తెలిసియు, వన్నెకు ధర పలుకునని, తరము వెనుక తరముగా దానిని పుట్టించుట క్రౌర్యము. బ్రిటనులోని ఇంటర్నేషనల్ హెర్పటోలాజికల్ సొసైటీ తన సంతలలో వీని అమ్మకమును నిషేధించినది.

ఇది ఎక్కడిదో గొడవ యనుకొనరాదు. బ్యాంకాకు నుండి వచ్చిన పెట్టెలలో బాల్ పైథాన్లు చెన్నై విమానాశ్రయమున పట్టుబడుచున్నవి. ఎలుకలను తిని వరిచేనికి మేలుచేయు జెర్రిపోతును కనబడినచోట కఱ్ఱతో కొట్టి చంపుచు, రెండు తలల పాము అదృష్టము తెచ్చునని సొమ్ము పోసి మోసపోవు మన నడుమ, వింతపాముల బేరము వేరూనుట ఎంతసేపు?

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము మన దేశపు పాములను పట్టి పెంచనీయదు. 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోనున్న సవరణ ననుసరించి బాల్ పైథాన్ వంటి విదేశీ ప్రాణులను పెంచువారు నమోదు చేయించుకొనవలయును. కాని నమోదుపత్రము పాము ఎవరిదో చెప్పునుగాని దాని బాధను మాన్పదు. ప్రాణికి అనవసరముగా బాధ కలిగించుట నేరమని 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము చెప్పుచున్నది. పుట్టుకతోనే బాధను అంటగట్టు ఈ పెంపకమును దాని పరిధిలోనికి తెచ్చి కేంద్ర ప్రభుత్వము నిషేధింపవలయును. అంతవఱకు రాజమహేంద్రవరమునగాని కాకినాడనుగాని భీమవరమునగాని ఆ పామును ఎవరైన అమ్మజూపినచో, ఎంత చౌకగా నిచ్చినను, కొనకుడు.